శుక్లం ఆపరేషన్‌లో ఏ లెన్సు వేయించుకోవాలి: ధరల కాగితం చేతికి రాకముందే చేసుకోవలసిన పనులు

ఆపరేషన్ చేయాలని డాక్టరు చెప్పిన తరువాత అమ్మనూ నన్నూ పక్క గదిలో కూర్చోబెట్టారు. బల్ల మీద లామినేషన్ చేసిన కాగితం ఉంది. దాని మీద ఏడు రకాల లెన్సుల పేర్లు, ఎదురుగా ధరలు. అన్నింటికన్నా ఖరీదైనది పై వరుసలో, పెద్ద అక్షరాల్లో. కంటిపాప విప్పారడానికి అప్పటికే చుక్కలు వేసి ఉన్నారు కనుక అమ్మకు ఆ కాగితం మీద ఒక్క అక్షరమూ ఆనడం లేదు. "ఏది మంచిదైతే అదే వేయమను నాయనా" అంది. కౌన్సెలరు వేలు పై వరుస మీదకు వెళ్ళింది.

ఆ రోజు సంతకం పెట్టకుండా ఇంటికి వచ్చేశాం. ఆ తరువాత మూడు వారాల్లో అడిగి తెలుసుకున్నదీ, మా ఇంట్లో మరికొన్ని కళ్ళకు ఆపరేషన్లు జరిగినప్పుడు అనుభవానికి వచ్చినదీ వరుసగా రాస్తున్నాను. నేను డాక్టరును కాను. ఆఖరి మాట మీ కంటిని పరీక్షించినవారిదే. అయితే మీరు రోజంతా కళ్ళతో ఏ పని చేస్తారో మీరు చెబితే తప్ప వారికి తెలియదు. లెన్సు ఎంపికలో సగం అక్కడే ఉంది.

మొదట: ఈ లెన్సు ఏమి చేయగలదు, ఏమి చేయలేదు

పుట్టుకతో వచ్చిన కటకం దగ్గరకూ దూరానికీ తనంతట తానే ఆకారం మార్చుకుంటుంది. నలభై దాటాక బిగుసుకుపోతుంది. దాన్నే చత్వారం అంటాం. ఇంకా వయసు పైబడి అది మసకబారితే శుక్లం. ఆపరేషన్‌లో మసకబారిన కటకాన్ని తీసివేస్తారు. దాన్ని పట్టి ఉంచే పలుచని సంచిని మాత్రం కదపకుండా, అందులో ప్లాస్టిక్ లెన్సును కూర్చోబెడతారు. ఈ కొత్త లెన్సు ఆకారం మార్చుకోదు. ఎంత డబ్బు పోసినా ఇరవయ్యేళ్ళ నాటి కన్ను తిరిగి రాదు. కొన్ని లెన్సులు వెలుగును పంచి రెండు మూడు దూరాలను సర్దుతాయి, అంతే.

ఇలా చెబితే నిరాశగా అనిపించవచ్చు కానీ మన తాతల రోజులతో పోల్చి చూడండి. అప్పట్లో కటకం తీసివేసి, దాని బదులు ముక్కు మీద బరువైన సోడాబుడ్డి కళ్ళద్దాలు పెట్టేవారు. అద్దం తీస్తే లోకమంతా మసక. కంటి లోపలే లెన్సు అమర్చడం లండన్‌లో 1949 నవంబరు 29న హెరాల్డ్ రిడ్లీ మొదలుపెట్టారు. రెండో ప్రపంచ యుద్ధంలో విమానం పైకప్పు పగిలి యాక్రిలిక్ ముక్కలు పైలట్ల కళ్ళలో దిగినా, కన్ను వాటిని పెద్దగా ప్రతిఘటించలేదని ఆయన గమనించారు. మన దేశంలో సామాన్యుడికి ఆ లెన్సు అందడానికి మరో నలభై ఏళ్ళు పట్టింది. మదురైలోని అరవింద్ కంటి ఆసుపత్రి వారు 1992లో ఆరోల్యాబ్ స్థాపించి, దిగుమతి లెన్సుల ధరలో చిన్న భాగానికే ఇక్కడ తయారు చేయడం అందులో పెద్ద మలుపు.

రెండో పని: మీ రోజును మూడు దూరాలుగా విడగొట్టండి

ఒక తెల్ల కాగితం తీసుకోండి. పొద్దున లేచినప్పటి నుంచి రాత్రి పడుకునే దాకా చేసే పనులన్నీ మూడు వరుసల్లో రాయండి. చేతికి దగ్గరగా, అంటే సుమారు 35 నుంచి 40 సెంటీమీటర్లలో చేసేవి: దినపత్రిక, ఫోను, సూదిలో దారం, మాత్రల అట్ట మీద సన్న అక్షరాలు, బియ్యంలో రాళ్ళు ఏరడం. చేయి చాచినంత దూరంలో, 60 నుంచి 80 సెంటీమీటర్లలో చేసేవి: కంప్యూటర్, కూరగాయలు తరగడం, పొయ్యి, బల్ల మీది గల్లా పెట్టె. ఆ పైన దూరం: రోడ్డు, బస్సు బోర్డు, టీవీ, గుడిలో మూలవిరాట్టు.

ఇప్పుడు ఏ వరుసలో కళ్ళద్దాలు పెట్టుకోవడానికి మీకు ఏ అభ్యంతరమూ లేదో గుర్తించండి. ఏ వరుసలో అద్దాలు లేకుండా బతకాలని ఉందో దాని కింద గీత గీయండి. మా అమ్మ దూరం కింద గీత గీసింది. "వీధిలో ఎదురొచ్చేది ఎవరో తెలియక పలకరించలేకపోతున్నాను, పొగరనుకుంటున్నారు" అన్నది ఆమె బాధ. పేపరుకు అద్దాలు ముప్పై ఏళ్ళ నుంచి అలవాటే. ఒక్క ప్రశ్నతో ధరల కాగితంలో పైన ఉన్న మూడు వరుసలు మాకు అవసరం లేనివైపోయాయి.

రాత్రి పూట బండి నడుపుతారా లేదా అన్నది విడిగా, పెద్ద అక్షరాల్లో రాయండి. ఎందుకో కింద చెబుతాను.

మూడో పని: కంటి వెనుక సంగతి ముందే తేల్చుకోవడం

లెన్సు ఎంత గొప్పదైనా వెనుక ఉన్న తెర, అంటే రెటీనా, బాగా లేకపోతే బొమ్మ బాగా పడదు. మధుమేహం వల్ల రెటీనా దెబ్బతిన్నా, మధ్యభాగమైన మాక్యులా అరిగినా, నీటికాసులు ఉన్నా, కంటి ముందుభాగంలోని పారదర్శక పొర అయిన కార్నియా ఎగుడుదిగుడుగా ఉన్నా, వెలుగును పంచే మల్టీఫోకల్ లెన్సులు సాధారణంగా వద్దంటారు. అలాంటి కంటికి అందే వెలుగులో, రంగుల తేడాలో ఇప్పటికే లోటు ఉంటుంది. ఉన్నదాన్ని ఇంకా ముక్కలు చేయడం దండగ. కనుక లెన్సు మాట ఎత్తకముందే రెటీనా పరీక్ష, వీలైతే మాక్యులాకు ఓసీటీ (పొరలను కాంతితో చూసే) స్కానింగ్, కంటిలో ఒత్తిడి పరీక్ష జరిగాయా అని అడగండి. కళ్ళు పొడిబారి మంటగా ఉంటే అదీ చెప్పండి. పొడి కంటి మీద తీసిన కొలతలు నిలకడగా రావు, ముందు చుక్కలతో దాన్ని సర్దాలి.

మందుల జాబితా తీసుకువెళ్ళండి. పెద్దవారైన మగవారికి ప్రోస్టేటు కోసం ఇచ్చే టామ్‌సులోసిన్ లాంటి మాత్రలు కంటిపాపను ఆపరేషన్ మధ్యలో వదులుగా చేసి ఇబ్బంది పెడతాయి. కంటికీ మూత్రానికీ సంబంధం ఏముందని చాలామంది ఈ సంగతి చెప్పరు. సొంతంగా మానేయవద్దు, ముందే తెలిస్తే సర్జన్ దానికి తగిన ఏర్పాటు చేసుకుంటారు.

నాలుగో పని: కొలత

బ్రాండు గురించి గంటసేపు మాట్లాడుకునే మనం కొలత గురించి ఒక్క మాటా అడగం. ఆపరేషన్ తరువాత చూపు అనుకున్నట్టు రాకపోతే చాలాసార్లు తప్పు కొలతలోనే ఉంటుంది. నా మట్టుకు, ఖర్చు తగ్గించుకోవలసి వస్తే లెన్సు రకంలో తగ్గించుకుంటాను, కొలతలో మాత్రం రాజీపడను.

లెన్సు పవర్ నిర్ణయించడానికి ప్రధానంగా రెండు కొలతలు కావాలి: కన్ను ముందు నుంచి వెనుక దాకా ఎంత పొడవుంది, కార్నియా వంపు ఎంత. పెద్దవారి కన్ను సగటున 23 నుంచి 24 మిల్లీమీటర్లు ఉంటుంది. పొడవు కొలతలో ఒక్క మిల్లీమీటరు తప్పు జరిగితే తుది చూపులో సుమారు రెండున్నర డయాప్టర్ల (అద్దాల పవర్‌ను కొలిచే ప్రమాణం) తేడా వస్తుంది. అంటే అద్దాలు వదిలించుకుందామని వెళ్ళినవారు దళసరి అద్దాలతో తిరిగి వస్తారు.

ఈ పొడవును రెండు విధాలుగా కొలుస్తారు. పాత పద్ధతి ఏ-స్కాన్: కంటి మీద చిన్న ప్రోబు ఆనించి ధ్వని తరంగాలతో కొలవడం. ప్రోబును కొంచెం గట్టిగా నొక్కినా కార్నియా లోపలికి నొక్కుకుని కన్ను ఉన్నదానికన్నా పొట్టిగా నమోదవుతుంది. అప్పుడు అవసరానికి మించిన పవర్ లెన్సు పడుతుంది. అలవాటైన చేతిలో ఈ పద్ధతి కూడా బాగానే పనిచేస్తుంది. కొత్తది ఆప్టికల్ బయోమెట్రీ: కంటిని తాకకుండా కాంతితో కొలుస్తుంది, నిలకడ ఎక్కువ. అయితే శుక్లం మరీ ముదిరి తెల్లబడితే కాంతి వెనుకకు చేరదు, మళ్ళీ ఏ-స్కానే గతి. పొర పూర్తిగా ముదిరాకే తీయించాలన్న పాత మాటను పట్టుకుని కూర్చోకపోవడానికి ఇదీ ఒక కారణం.

అందువల్ల అడగవలసిన ప్రశ్నలు ఇవి. కొలత ఏ యంత్రంతో తీస్తున్నారు? రెండు కళ్ళకూ తీస్తున్నారా? (రెండు కళ్ళ పొడవులో తేడా కనిపిస్తే మళ్ళీ కొలిచి చూస్తారు, కనుక ఒక కంటికే ఆపరేషన్ అయినా రెండింటికీ తీయడం మంచిది.) పవర్ లెక్క ఏ సూత్రంతో వేస్తున్నారు? బారెట్, ఎస్ఆర్‌కే-టి వంటి పేర్లు వినిపిస్తాయి; కన్ను మరీ పొడవుగానో మరీ పొట్టిగానో ఉంటే ఒకటికి రెండు సూత్రాలతో సరిచూడమని అడగడంలో తప్పు లేదు. ఆ ప్రింటు కాగితానికి ఒక నకలు తీసుకుని ఇంట్లో దాచండి.

కాంటాక్ట్ లెన్సులు వాడేవారు కొలతకు ముందు కొన్నాళ్ళు మానాలి. మెత్తనివైతే ఒకటి రెండు వారాలు, గట్టివైతే ఇంకా ఎక్కువ. ఎన్నాళ్ళో డాక్టరు చెబుతారు. గతంలో అద్దాలు వదిలించుకోవడానికి లేసిక్ అనే లేజర్ చికిత్స చేయించుకున్నవారు ఆ సంగతి తప్పక చెప్పాలి. లేసిక్ కార్నియా వంపును మార్చేస్తుంది కనుక మామూలు సూత్రాలు దారి తప్పుతాయి. పాతికేళ్ళ వయసులో అమెరికా వెళ్ళేముందు లేసిక్ చేయించుకున్న మన పిల్లలంతా ఇప్పుడు యాభైకి చేరువవుతున్నారు. ఆనాటి కాగితాలు ఏ అటక మీద ఉన్నాయో ఇప్పుడే వెతికి పెట్టుకోవడం మేలు.

ఐదో పని: లెన్సుల రకాలు, ఎవరికి ఏది

మోనోఫోకల్ ఒక్క దూరాన్ని స్పష్టంగా చూపుతుంది. వెలుగంతా ఒకచోటికే చేరుతుంది కనుక రాత్రి పూట, మబ్బు పట్టిన రోజున కూడా బొమ్మ నిక్కచ్చిగా ఉంటుంది. ప్రభుత్వ పథకాల కింద, ఉచిత శిబిరాల్లో వేసేది సాధారణంగా ఇదే. చవకది కనుక నాసిరకమన్న అపోహ బాగా పాతుకుపోయింది. దూరానికి పెట్టించుకుని, చదవడానికి అద్దాలు వాడటానికి సిద్ధపడేవారికి దీనికి మించినది అక్కరలేదు. దీన్నే కొద్దిగా మెరుగుపరచి, చేయి చాచిన దూరాన్ని కూడా కొంత అందించే రకాలు వచ్చాయి, ఐహాన్స్ అలాంటిది.

ఈడాఫ్ అనే రకం దూరం నుంచి కంప్యూటర్ దూరం దాకా చూపును సాగదీస్తుంది. వివిటీ ఈ కోవలోది. సన్న అక్షరాలకు తక్కువ పవర్ అద్దం అవసరం పడుతుంది. ఆఫీసు పనిలో ఉన్నవారికి, టైలరింగ్ మిషను దగ్గర కూర్చునేవారికి ఇది నప్పవచ్చు.

మల్టీఫోకల్, ట్రైఫోకల్ లెన్సుల మీద సన్నని వలయాలు ఉంటాయి. అవి వెలుగును దగ్గరకూ, మధ్య దూరానికీ, దూరానికీ పంచుతాయి. పాన్‌ఆప్టిక్స్ ఇటువంటిది. బాగా కుదిరినవారు ఫోనూ పేపరూ అద్దాలు లేకుండానే చూస్తారు, దాన్ని కాదనలేం. దీనికి చెల్లించే మూల్యం రాత్రి పూట తెలుస్తుంది. వీధి దీపాల చుట్టూ, ఎదురు వచ్చే లారీ లైట్ల చుట్టూ వలయాలు కనిపిస్తాయి, మసక వెలుతురులో తేడాలు తగ్గుతాయి. మెదడు కొన్ని నెలల్లో సర్దుకుంటుందని చెబుతారు, చాలామందికి సర్దుకుంటుంది కూడా. మా మేనమామకు సర్దుకోలేదు. ఆయన వారానికి రెండు రాత్రులు సరుకు వ్యానులో హైవే మీద తిరిగే మనిషి. పగలు అద్దాలు లేకుండా బిల్లులు చదివి మురిసిపోతారు, పొద్దు గూకితే తాళాలు డ్రైవరుకు ఇచ్చేస్తారు. ఆపరేషన్‌కు ముందు రాత్రి డ్రైవింగ్ గురించి ఆయనను ఎవరూ అడగలేదు, ఆయనా చెప్పలేదు. పైన పెద్ద అక్షరాల్లో రాయమన్నది ఇందుకే. ప్రతి చిన్న లోపాన్నీ పట్టించుకునే స్వభావం ఉన్నవారు కూడా ఈ లెన్సు గురించి రెండుసార్లు ఆలోచించాలి.

టోరిక్ వేరే రకం కాదు, పై రకాలకు చేసే చేర్పు. కార్నియా బంతిలా గుండ్రంగా కాకుండా కోడిగుడ్డులా ఒకవైపు ఎక్కువ వంగి ఉంటే సిలిండర్ పవర్ వస్తుంది. దాన్ని లెన్సులోనే సరిచేసేది టోరిక్. కార్నియాలో సుమారు ఒక డయాప్టర్, ఆ పైన ఉంటే దీని ఫలితం బాగా తెలుస్తుంది. అలాంటివారు మల్టీఫోకల్ కన్నా ముందు దీనికి డబ్బు ఖర్చు పెట్టడం న్యాయం అని నా అభిప్రాయం. అయితే ఇక్కడొక మెలిక ఉంది. అమ్మ పాత అద్దాల చీటీలో సిలిండర్ రెండు ఉందని చూసి టోరిక్ తప్పనిసరి అన్నారు. కొలత కాగితంలో చూస్తే కార్నియాలో ఉన్నది అర డయాప్టరే. మిగిలినదంతా శుక్లం పట్టిన కటకం వల్ల వచ్చింది. ఆ కటకం ఎలాగూ తీసేస్తారు. రెండో డాక్టరు ఆ కాగితం చూసి టోరిక్ అక్కరలేదని నిమిషంలో తేల్చారు. కాబట్టి అద్దాల చీటీని కాక, కార్నియా కొలతను చూపించి అడగండి.

టోరిక్ కంటిలో సరైన కోణంలోనే నిలవాలి. ఒక్క డిగ్రీ పక్కకు తిరిగితే సుమారు మూడు శాతం ఫలితం పోతుంది, ముప్పై డిగ్రీలు తిరిగితే వేసినా వేయనట్టే. పడుకున్నప్పుడు కన్ను కొద్దిగా తిరుగుతుంది కనుక, యంత్రమే కోణాన్ని సరిచూసే ఏర్పాటు లేనిచోట రోగిని కూర్చోబెట్టి ముందే గుర్తు పెడతారు.

ఆరో పని: ఏ దూరానికి పవర్ పెట్టాలో చెప్పడం

మోనోఫోకల్ అనగానే దూరానికే అనుకుంటారు. అది అలవాటు మాత్రమే. పవర్ మార్చి దాన్ని దగ్గరకు కూడా పెట్టవచ్చు. చిన్నప్పటి నుంచి మైనస్ మూడు అద్దాలు వాడుతూ, చదవాలంటే అద్దాలు తీసి పుస్తకం పట్టుకునే అలవాటున్న మనిషిని ఊహించండి. ఆయనకు దూరానికి లెన్సు వేస్తే, జీవితంలో మొదటిసారి అద్దం లేకుండా పుస్తకం చదవలేకపోతారు. "ఆపరేషన్ చేయించుకుంటే ఉన్న చూపు పోయింది" అని వాపోయేవారిలో ఇలాంటివారు ఉంటారు. చూపు పోలేదు, అలవాటు తలకిందులైంది. పుస్తకాల పురుగులు, కంసాలి పనివారు, జాతకాలు రాసేవారు దగ్గరకే పెట్టించుకుని దూరానికి అద్దాలు వాడుకోవడం తెలివైన ఎంపిక కావచ్చు.

మధ్యేమార్గం ఒకటుంది: బలమైన కంటికి దూరం, రెండో కంటికి ఒకటి లేదా ఒకటిన్నర డయాప్టర్ల మేర దగ్గరకు. దీన్ని మోనోవిజన్ అంటారు. రెండు కళ్ళూ కలిసి చాలా పనులు అద్దాలు లేకుండా నెట్టుకొస్తాయి, ఖర్చు మోనోఫోకల్‌దే. అందరి మెదడూ దీన్ని ఒప్పుకోదు. ఆపరేషన్‌కు ముందే కాంటాక్ట్ లెన్సుతోనో ట్రయల్ అద్దాలతోనో చవి చూడవచ్చేమో అడగండి, శుక్లం మరీ ముదరకపోతే అది వీలవుతుంది.

మరొకటి. రెండు కళ్ళకూ మైనస్ ఆరు ఉన్నవారు ఒక కంటికి ఆపరేషన్ చేయించి సున్నాకు తెచ్చుకుంటే, రెండో కన్ను అయ్యేదాకా రెండు కళ్ళకూ పొత్తు కుదరదు. అద్దాలతో అది సరికాదు. రెండో ఆపరేషన్ ఎప్పుడో ముందే అనుకోండి.

పదార్థం, రంగు

దీని మీద ఎక్కువ మనసు పెట్టనవసరం లేదు. మడిచి చొప్పించే యాక్రిలిక్ లెన్సులకు రెండు మూడు మిల్లీమీటర్ల కోత చాలు. మడవలేని గట్టి లెన్సుకు కోత పెద్దది, కోలుకోవడానికి కొంచెం ఎక్కువ సమయం, చూపులో మాత్రం తీసిపోదు. యాక్రిలిక్‌లో నీటిని పీల్చని హైడ్రోఫోబిక్ రకాన్ని నేను ఎంచుకుంటాను, నీటిని పీల్చే రకంలో అరుదుగా ఏళ్ళ తరువాత సున్నపు పొర పట్టిన సందర్భాలు ఉన్నాయి కనుక. పసుపు రంగు లెన్సు రెటీనాను కాపాడుతుందనే మాటకు గట్టి రుజువు లేదు. హాని కూడా లేదు.

డబ్బు సంగతి

కొటేషన్‌ను నాలుగు ముక్కలుగా రాయించుకోండి: లెన్సు, సర్జన్, థియేటర్, మందులు. లెన్సు పెట్టె మీది ధర, కంపెనీ, మోడల్ పేరు విడిగా కావాలనండి. "దిగుమతి లెన్సు" అనేది పేరు కాదు. లేజర్ ఆపరేషన్ పేరుతో అదనంగా అడిగితే తొందరపడవద్దు. మామూలు ఫేకోలో గట్టిపడిన కటకాన్ని ధ్వని తరంగాలతో చితక్కొట్టి తీస్తారు. ఫెమ్టో లేజర్ అందులో కొన్ని దశలను చేస్తుంది. బ్రిటన్‌లో, ఫ్రాన్స్‌లో జరిగిన పెద్ద పోలిక అధ్యయనాల్లో లేజర్ వాడినవారికి చూపు మెరుగ్గా ఏమీ రాలేదు.

బీమా ఉంటే పాలసీ కాగితంలో మూడు విషయాలు వెతకండి. శుక్లానికి నిరీక్షణ కాలం ఎంత, ఒక్కో కంటికి గరిష్ఠ పరిమితి ఎంత, టోరిక్, మల్టీఫోకల్ ఖర్చు ఇస్తారా. చాలా పాలసీలు మోనోఫోకల్ వరకే ఇచ్చి మిగిలిన తేడా మన జేబు నుంచే కట్టించుకుంటాయి.

ఎవరూ అడగని ప్రశ్న ఒకటి: ఆపరేషన్ మధ్యలో ఆ పలుచని సంచి చిరిగితే ఏ లెన్సు వేస్తారు? అలా అరుదుగానే జరుగుతుంది, జరిగితే అనుకున్న మల్టీఫోకల్ లేదా టోరిక్ వేయడం కుదరకపోవచ్చు. ప్రత్యామ్నాయ లెన్సు సిద్ధంగా ఉంటుందా, కట్టిన తేడా డబ్బు తిరిగి ఇస్తారా అని ముందే అడిగి రాయించుకోండి.

ఆపరేషన్ అయ్యాక

లెన్సు పెట్టెలో స్టిక్కర్లు ఉంటాయి. మోడల్, పవర్, సీరియల్ నంబరు ఉన్న స్టిక్కరు మీ డిశ్చార్జి కాగితం మీద అతికించారా చూసుకోండి. ముందు ఒప్పుకున్న పేరూ ఇదీ ఒకటేనా సరిపోల్చి, ఫోనులో ఫొటో తీసి పిల్లలకు పంపండి. దగ్గర అద్దాలకు తొందరపడి మర్నాడే చీటీ రాయించుకోవద్దు, కంటి గాయం మానాక, సాధారణంగా నాలుగు నుంచి ఆరు వారాలకు, పవర్ నిలకడకు వస్తుంది. ఈలోగా నొప్పి, ఎరుపు పెరిగినా, చూపు తగ్గినా ఆ రోజే ఆసుపత్రికి వెళ్ళాలి.

కొన్ని నెలలకో ఏళ్ళకో చూపు మళ్ళీ మసకబారితే "శుక్లం తిరిగి వచ్చింది, లెన్సు పాడైంది" అని కంగారు పడతారు. తీసేసిన కటకం తిరిగి రాదు. లెన్సు వెనుక ఉన్న సంచి పొర మసకబారి ఉంటుంది. యాగ్ లేజర్‌తో అందులో చిన్న కిటికీ తెరుస్తారు, కొన్ని నిమిషాల పని. అయితే మల్టీఫోకల్ వేయించుకుని అలవాటు పడలేక లెన్సు మార్పించుకోవాలని ఆలోచిస్తున్నవారు ఈ లేజర్‌కు ముందే ఆ సంగతి డాక్టరుకు చెప్పాలి. సంచికి కిటికీ పడ్డాక లెన్సు మార్చడం కష్టమవుతుంది.

అమ్మకు మొదటి కంటికి దూరపు మోనోఫోకల్ వేయించాం. రెండు నెలల తరువాత రెండో కంటికి అదే ఆసుపత్రికి వెళ్ళినప్పుడు నర్సు చుక్కల సీసాతో ఎదురొచ్చింది. అమ్మ చేయి అడ్డం పెట్టి, సంచిలోంచి చదివే అద్దాలు తీసి పెట్టుకుంది. "ముందు ఆ ధరల కాగితం ఇవ్వమ్మా, చుక్కలు తరువాత వేద్దువుగాని" అంది.